అత్తరుకొట్టు వారి ముక్కు

“ఓసారి ముక్కు ఇటు పెట్టు,” అన్నాడు నిసార్ అహ్మద్, వంటింటి గుమ్మంలో నిలబడి.

జహీదా చేతులు రెండూ రొట్టెల పిండిలో ఉన్నాయి. ముక్కు ఖాళీగానే ఉంది కాబట్టి పెట్టింది. అతను చిటికెన వేలంత సీసా మూత తీశాడు.

“మల్లె మంచిదే. కింద చందనం నూనె లేదు, పారాఫిన్ పోశారు. గంట నిలవదు,” అంది.

నిసార్ తలాడించి సీసా జేబులో వేసుకున్నాడు. మర్నాడు వన్‌టౌన్‌లోని తన అత్తరు కొట్లో కూర్చుని, “గంట నిలవదు సార్, మన ముక్కు చెప్పిందంటే అంతే,” అంటాడు. కంకిపాడు నుంచి మైలవరం దాకా పెళ్ళిళ్ళవాళ్ళు నిసార్ భాయ్ ముక్కుని తెగ మెచ్చుకుంటారు. పెళ్ళయిన కొత్తలో జహీదా “నేనూ కొట్టుకొచ్చి చూడనా?” అని అడిగింది. “ఆడవాళ్ళు కూర్చుంటే గిరాకీలు మొహమాటపడతాయి,” అన్నాడు. ఆ మొహమాటం పడకుండా ముక్కు మాత్రం రోజూ కొట్టుకెళ్ళొస్తోంది.

ఆ ముక్కుకి ఇంట్లోనూ తీరిక లేదు. పాలు విరగబోతున్నాయా, నిన్నటి పప్పు పనికొస్తుందా, గ్యాసు కారుతోందా, కూతురు ఇఫ్రా యూనిఫారం రెండోరోజు వెయ్యొచ్చా, అన్నిటికీ “జహీదా, చూడు” అనే. రంజాన్ నెలలో మరీనూ. రోజా ఉపవాసంలో ఉన్న మనిషి రుచి చూడకూడదు కదా, ఇఫ్తారుకి వండే కూరలో ఉప్పు సరిపోయిందో లేదో ఆవిరి మీద ముఖం పెట్టి చెప్పాలి. ఉప్పుకి వాసన లేదని కెమిస్ట్రీ బీఎస్సీలో చదివింది. ఉప్పు తక్కువైన కూరకి ఉంటుందని అత్తారింట్లో తెలుసుకుంది.

కడుపులో మంట మొదలైంది ఇఫ్రా పుట్టిన ఏడాది. పిల్లకిప్పుడు తొమ్మిదేళ్ళు. అత్త రహమత్‌బీ “పచ్చిమిరపకాయలు తగ్గించవే” అనేది. కారం లేకపోతే తన కొడుక్కి ముద్ద దిగదని ఆ వెంటనే గుర్తుచేసేది. నిసార్ పేపర్లోంచి తలెత్తకుండా “గ్యాస్” అనేవాడు. మరీ మెలికలు తిరిగిపోతుంటే “ఆలోచనలు తగ్గించు” అనేవాడు. జహీదా నిజంగానే తగ్గించి చూసింది. మంట తగ్గలేదు, పైగా తోచక ఇంకో రెండు రకాల పచ్చళ్ళు పట్టింది. ఆమె ముక్కు మీద ఉన్న నమ్మకంలో పిసరంతైనా దానికి రెండు జానల కింద ఉన్న కడుపు మీద ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

పైగా ఒక వాసన. రెండేళ్ళుగా తన ఊపిరిలోనూ, సీసా పట్టుకుని దగ్గరికొచ్చినప్పుడు భర్త ఊపిరిలోనూ, కాలేజీ ల్యాబులో అవతలి బల్ల మీద ఎవరో అమ్మోనియా సీసా తెరిచినట్టు సన్నగా తగిలేది. ఒకసారి చెప్పింది. “అత్తరు వ్యాపారి నోటికే వంక పెడతావా?” అని అతను రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఎంతో ప్రశాంతంగా గడిచాయి.

చివరికి ఇఫ్రాని స్కూలు దగ్గర దింపి, ఒక్కతే సూర్యారావుపేటలో డాక్టరు వెంకటసుబ్బారావు గారి దగ్గరికి వెళ్ళింది. మంట సంగతీ వాసన సంగతీ రెండూ చెప్పింది.

“కడుపులో ఒక బాక్టీరియా ఉంటుందమ్మా,” అన్నాడాయన. “అక్కడి ఆమ్లంలో బతకడానికి యూరియాని విరగ్గొట్టి అమ్మోనియా చేసుకుంటుంది. దాంతోపాటు పుట్టే కార్బన్ డయాక్సైడ్ రక్తంలో కలిసి ఊపిరిలోకి వస్తుంది. గుర్తు పెట్టిన యూరియా మింగించి అది పట్టుకోడానికే కొత్తగా మిషను తెప్పించాం. మనుషుల ముక్కుకి అందదు. అందితే మేం మిషనెందుకు కొంటాం?”

“మా ఇంట్లో కొనలేదండీ,” అంది జహీదా. “ముక్కుతోనే సర్దుకుంటున్నారు.”

గ్యాస్ మాత్రలు రెండు వారాలు ఆపి, పరగడుపున రమ్మన్నారు. వెళ్ళింది. సిస్టర్ అమలమ్మ యూరియా గొట్టం మాత్ర మింగించి, కాసేపాగి, గుండ్రటి మచ్చ ఉన్న అట్టముక్క చేతికిచ్చి ఊదమంది. మచ్చ రంగు మారేదాకా ఊదింది జహీదా. అట్టముక్కని మిషన్లో పెట్టారు. ఉందని తేలింది.

ఆ మిషనుకి మొగుడూ లేడు, అత్తా లేదు, ఉన్నదున్నట్టు చెప్పేసింది. జహీదాకి కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

“అయ్యో, మందులతో పోయేదానికి ఏడుస్తారేంటమ్మా?” అంది అమలమ్మ.

“ఉందన్నందుకు, సిస్టర్.”

“ఒకే పళ్ళెంలో తింటారా? ఎంగిలి నీళ్ళు తాగుతారా?” అని అడిగాడు డాక్టరు. పెళ్ళయిన వారానికే అత్త చెప్పింది, మొగుడు తాగి వదిలిన గ్లాసులో తాగితే ప్రేమ పెరుగుతుందని. పన్నెండేళ్ళు తాగింది. పెరిగిందేమిటో ఇప్పుడు కాగితం మీద వచ్చింది. “మీ ఆయన్ని కూడా ఊదించండి. ఆయనకుంటే మీకు మళ్ళీ అంటుకోవచ్చు,” అన్నాడాయన.

“ఊదడానికి నేనేమన్నా బెలూన్లు అమ్ముతానా?” అన్నాడు నిసార్, ఆమె ఇంటికొచ్చి చెప్పగానే. “నా కడుపు ఇనుము. నీ మందులు నువ్వు మింగు.”

మింగింది, రెండు పూటలా, పద్నాలుగు రోజులు. మందులు మొదలైన రెండోరోజే నాలుక ఇత్తడి గిన్నె నాకినట్టయింది. వాసనలన్నీ వెళ్ళిపోయాయి. ఆమె మామూలుగానే వండింది, మామూలుగానే తుడిచింది, అడిగిన వాళ్ళకి మాత్రం “తెలియట్లేదు” అంది. ఇంట్లో పాలు రెండుసార్లు విరిగాయి. రహమత్‌బీ పులిసిన పప్పు తిని ఒకరోజు మంచం దిగలేదు. కొట్లో నిసార్ సొంత ముక్కుతో కొన్న మల్లె అత్తరు మైలవరం వెళ్ళి తిరిగొచ్చింది. “నిఖా చదివే లోపే వాసన పోయింది భాయ్,” అని పెళ్ళివాళ్ళు కొట్టు ముందు నిలబడి మరీ చెప్పారట.

పదహారో రోజు పొద్దున పక్కింటి పోపులో కరివేపాకు వాసన వచ్చింది. జహీదా గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తన ఊపిరిని అరచేతిలో పట్టి చూసుకుంది. ల్యాబు లేదు, మంటా లేదు.

అప్పుడే నిసార్ సీసాతో వచ్చాడు. “వచ్చిందా ముక్కు?”

అతని మాట కంటే ముందు అమ్మోనియా వచ్చింది.

“ఇంకా లేదండీ,” అంది జహీదా. అబద్ధం ఇంత తేలికగా ఉంటుందని తెలిస్తే ఎప్పుడో మొదలుపెట్టేదాన్ని కదా అనుకుంది.

ఇంకో మూడు రోజులు ఆగాడు. గన్నవరంలో పెద్ద పెళ్ళికి అత్తరు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. “పద, డాక్టరు దగ్గరికి. నేనూ వస్తా,” అన్నాడు. తొమ్మిదేళ్ళ కడుపుకి రాని మనిషి, పంతొమ్మిది రోజుల ముక్కుకి చెప్పులేసుకున్నాడు. ఆ పొద్దున జహీదా అత్తకీ ఇఫ్రాకీ మాత్రం టిఫిన్ పెట్టింది.

“మరి నాకు?”

“పరగడుపున వెళ్ళాలండీ.” ఎవరు, అని అతను అడగలేదు.

ఆసుపత్రి వరండాలో కంకిపాడు గిరాకీ ఒకాయన లేచి “నమస్తే నిసార్ భాయ్” అన్నాడు. అమలమ్మ జహీదాని చూసి తలుపు తీసి పట్టుకుంది.

“ఆవిడ ముక్కు చూద్దాం గానీ, మీరు పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నారా?” అన్నాడు డాక్టరు.

“ఎక్కడ సార్, ఈవిడ పెడితే కదా!”

“గ్యాస్ మాత్రలేమన్నా వాడుతున్నారా?”

“నాకెందుకు సార్, ఇనుము!”

“బాగుంది. అయితే ఈ మాత్ర మింగండి.”

తెరిచిన తలుపులోంచి కంకిపాడు ఆయన చూస్తూనే ఉన్నాడు. గొడవ పెట్టుకోవడానికి లేదు. నిసార్ మింగాడు. కూర్చున్నాడు. బుగ్గలు ఎర్రబడేలా ఊదాడు. అమలమ్మ అట్టముక్క తీసుకుని మిషను వైపు నడుస్తుంటే జహీదా “ఉంటుంది, సిస్టర్” అంది.

కాసేపటికి డాక్టరు కాగితం చూసి, కళ్ళజోడు మీదుగా ఆమెని చూశాడు. “ఉంది. మీకెలా తెలిసిందమ్మా?”

నిసార్ మెల్లగా ఇటు తిరిగాడు. “అంటే... నీ ముక్కు?”

“వచ్చి మూడు రోజులైందండీ.”

అతనికి కోపం రావాల్సింది. కానీ గన్నవరం గుర్తొచ్చింది, చెయ్యి జేబులోకి వెళ్ళింది. “అయితే ఇది చూడు,” అని సీసా ఆమె ముఖం దగ్గర పెట్టాడు.

జహీదా సీసా అందుకుంది. మూత తియ్యలేదు. హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్పు లాగింది.

“రేపట్నుంచి కొట్లోనే చూస్తాను, గిరాకీల ఎదురుగా. కూర్చోడానికి ఒక స్టూలు వేయించండి.”

నిసార్ ఏదో అనబోయాడు. ఆమె ముక్కు వంక చూసి, నోరు మూసుకున్నాడు.