ఎవరి మూర?

"అమ్మా, ఇదిగో, పాలు పొంగుచున్నవి," అంది మా అమ్మాయి వంటగది గుమ్మంలో నిలబడి. ఆ మాట పూర్తయ్యేసరికి సగం పాలు పొయ్యి మీద ఉన్నాయి. "పొంగుతున్నాయ్" అని ఒక్క ముక్క అని ఉంటే ఆ సగమైనా దక్కేవి.

తప్పు దానిది కాదు, నాది. ఎనిమిదేళ్ళ ఆ పిల్లని మేము గువ్వ అని పిలుస్తాం. బడిలో వేసిన ఏడాది అక్కడ ఒక్కరోజు కూడా నోరు విప్పలేదు. ఇంటికొచ్చి గోడలతో మాట్లాడేది. చూసి చూసి మానిపించి, చదువు నేనే చెప్పడం మొదలుపెట్టాను. నాకు తెలిసిన పుస్తకం ఒక్కటే, మేము రోజూ చదువుకునే వాక్యం, బైబిలు. అక్షరాలు పెద్దగా ఉంటాయి కదా అని దాంతోనే చదవడం నేర్పాను. చదవడం వచ్చింది. దాంతోపాటు ఆ భాష కూడా వచ్చింది. తినే ముందు "నేను మిగుల ఆకలిగొని యున్నాను" అంటుంది. వాళ్ళ నాన్న వడ్రంగం పనిలో ఉంటే పక్కన కూర్చుని "ఈ చెక్క నునుపుగా నుండునుగాక" అని దీవిస్తుంది.

లెక్కలు కూడా అందులోంచే చెప్పాను. జలప్రళయం నాటి ఓడ పొడవు మూడు వందల మూరలు అని చదివిన రోజు "మూర అంటే ఏమి?" అని అడిగింది. మోచెయ్యి బల్ల మీద పెట్టి, మధ్యవేలి కొస దాకా చూపించాను. అంతే, ఇల్లంతా కొలిచేసింది. బల్ల, తలుపు, పడుకున్న వాళ్ళ నాన్న, ఏదీ వదల్లేదు. అది కొలుస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే టేపుతో కొలిచి సెంటీమీటర్లు రాస్తే అంకెల మధ్యలో ఒక చుక్క వస్తుంది. ఆ చుక్క అంటే నాకు భయం. ఆరో తరగతి మధ్యలో నా చదువు ఆగిపోయింది. చుక్కల పాఠం ఆ తర్వాత ఉందట. ఈ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు.

చింతపడినంత మాత్రాన ఎవరి ఎత్తూ మూరెడు పెరగదని మా పాస్టరమ్మ గారు అంటుంటారు. పెరిగేదే అయితే ఈపాటికి నా తల గుమ్మానికి తగులుతూ ఉండాలి.

పాలు పొంగిన రోజునే మా వదిన వచ్చింది. మా ఆయనకి అక్క, బడిలో పెద్ద టీచరు. చెప్పులు విప్పుతుండగానే గువ్వ ఎదురెళ్ళి, "అత్తా, నీకు సమాధానము కలుగునుగాక. లోపలికి రమ్ము," అంది.

వదిన నా వైపు తిరిగింది. "ఏమ్మాయ్, పిల్లని పెంచుతున్నావా, ప్రవక్తని పెంచుతున్నావా?"

"అది సరదాగా అంటుంది వదినా."

"దాని మొహంలో సరదా ఎక్కడుంది? చూడు, ఇంకా నిలబడే ఉంది, నేను కూర్చుంటే గానీ కూర్చోదట." కూర్చుంది వదిన. గువ్వ కూడా కూర్చుంది. "నేను చెప్పేది విను. శనివారం దీన్ని మా ఇంటికి తీసుకురా. మూడో తరగతి పుస్తకంలోంచి పది ప్రశ్నలు అడుగుతా. ఏడు మార్కులొస్తే జన్మలో మళ్ళీ ఈ మాట ఎత్తను. రాకపోతే సోమవారం నాతో బడికొస్తుంది."

"సరే అక్కా," అన్నాడు మా ఆయన, చెక్క చిత్రిక పడుతూ తల ఎత్తకుండా. వాళ్ళక్క ఏమన్నా ఆయన ముందు సరే అంటాడు, తర్వాత వింటాడు.

మళ్ళీ బడికెళ్తే మళ్ళీ గోడలతోనే మాట్లాడుతుందని నా భయం.

అదే రోజు వదిన ఇంకో పని కూడా పెట్టింది. వాళ్ళింట్లో రెండు గోడల మధ్య ఖాళీలో పుస్తకాల బీరువా కావాలట, అదీ శనివారానికే. మా ఆయనకి తీరిక లేదు. మర్నాడు నేనూ గువ్వా కొలత తీసుకురావడానికి వెళ్ళాం. టేపు ఆయన సంచిలో ఉండిపోయింది. ఉన్నా నేను తియ్యను, అందులో చుక్కలుంటాయి. వదిన నన్ను వంటింట్లో కూర్చోబెట్టి అరగంట బుద్ధులు చెప్పింది. ఆలోగా గువ్వ పని ముగించుకొచ్చి, "వెడల్పు నాలుగు మూరలు," అంది.

ఇంటికొచ్చి అదే ఆయనకి చెప్పాను.

"మూరలేంటే, ఓడ చేస్తున్నానా?" అని నవ్వాడు. అంట్లు తోముతున్న నా చెయ్యి పట్టుకుని, సబ్బు నురగ మీదే టేపు పెట్టాడు. "పద్దెనిమిది అంగుళాలు, గీత గీసినట్టుంది. నాలుగు మూరలంటే డెబ్బై రెండు. నీ చెయ్యుండగా టేపెందుకు నాకు?" పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన నన్ను పొగిడింది అదొక్కసారే. కాబట్టి నేనింకేం ఆలోచించలేదు.

శనివారం బీరువాని వ్యానులో ఎక్కించుకుని వెళ్ళాం. ఇద్దరు మనుషుల సాయంతో లోపలికి మోసి, గోడల మధ్యకి తోశాడు. వెళ్ళలేదు. ఇంకోసారి తోశాడు. మూడోసారికి గోడ సున్నం రాలింది. బీరువా పెద్దదైపోయింది, అంగుళమో అరంగుళమో కాదు.

"కొలత ఎవరిచ్చారు?" అంది వదిన.

"నేనే," అన్నాను.

"ఇంట్లో కొలతలు నేర్పేది కూడా నువ్వేగా." గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అంటేనే బాగుండేది.

బీరువాని నేల మీద పడుకోబెట్టారు. వేరే చోటు లేక దాని మీదే ఒక చివర వదిన, ఒక చివర గువ్వ కూర్చున్నారు. మధ్యలో మూడో తరగతి పుస్తకం.

మొదటి ప్రశ్న, వాన ఎలా పడుతుంది. గువ్వ నోరు విప్పలేదు. నేను తలుపు పట్టుకున్నాను. కాసేపటికి చిన్నగా, "నీళ్ళు ఆవిరై మబ్బులగుచున్నవి. బరువెక్కి కురియుచున్నవి," అంది.

"భాష సంగతి తర్వాత చూద్దాం. ఒకటి," అని వదిన కాగితం మీద రాసుకుంది.

నాలుగో ప్రశ్న, ఐదు రొట్టెలు పదిమందికి పంచితే ఒక్కొక్కరికి ఎంత వస్తుంది.

"కడుపు నిండా," అంది గువ్వ. "ఇంకా పన్నెండు గంపలు మిగులును."

"తప్పు."

గువ్వ నా వైపు చూసింది. నేను పైకప్పు చూశాను. ఆ పాఠం అలాగే చెప్పాను మరి.

ఆరోది, పెద్ద చేపలు ఏం తింటాయి.

"చిన్న చేపలను. ఒక్కొక్కసారి ప్రవక్తలను."

వదిన పెన్సిలు ఆగింది. "చిన్న చేపలకి అర మార్కు."

తొమ్మిది ప్రశ్నలు అయ్యేసరికి ఐదున్నర మార్కులు. పదోది చెప్పినా ఆరున్నరే. ఆ మాత్రం లెక్క నాకూ వచ్చు. మా ఆయన అరచేతిలో మేకులు ఆడిస్తూ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"పదోది. పొడవును దేనితో కొలుస్తాం?"

"మూరతో."

"తప్పు. మీ..."

"ఎవరి మూర అని అడగవేం అత్తా?" అంది గువ్వ. అని, తను కూర్చున్న బీరువా వైపు వంగి చూసింది. చప్పున కిందికి దిగి, చెయ్యి దాని మీద ఆనించి చివరిదాకా కొలుచుకుంటూ వెళ్ళింది. ఐదు మూరలు దాటి ఇంకా మిగిలింది.

"నాన్నా, మీరు అమ్మ చెయ్యి కొలిచితిరి. ఈ గోడను కొలిచినది నేను."

అందరం దాని చెయ్యి చూశాం. తర్వాత నా చెయ్యి చూశాం.

"అమ్మా, ఇటు రా, నీ చెయ్యి పెట్టు." పెట్టాను. వాళ్ళ నాన్న చెవి వెనకున్న పెన్సిలు లాక్కుని గీతలు గీసింది. నా మూరలు మూడు దాని మూరలు నాలుగింటికి సరిగ్గా సరిపోయాయి. "ఒక్క అమ్మ మూర కోసివేస్తే చాలును."

మా ఆయన టేపు తీశాడు. బీరువా డెబ్బై రెండు. గోడల మధ్య యాభై నాలుగు. తేడా పద్దెనిమిది. మళ్ళీ నా చెయ్యి వైపు చూశాడు, అదేదో కొత్తగా కొన్న పనిముట్టు అయినట్టు.

"తలకో చెయ్యి ఉంటే పని జరగదు అత్తా," అంది గువ్వ. "అందరికీ కలిపి ఒకే చెయ్యి ఉండాలి."

వదిన కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఉందే. దాని పేరే మీటరు. నా బడి పిల్లలందరూ మీటరు అని చెబుతారు. అది ఎందుకొచ్చిందో ఒక్కరూ చెప్పరు." కాగితం నా చేతికిచ్చింది. "పూర్తి మార్కు. మొత్తం నువ్వే రాయి."

ఆరు రాసి, పక్కన సగం గుర్తు పెట్టాను.

"అలా కాదు, చుక్క పెట్టి రాయి."

పెన్సిలు కదల్లేదు. అందరూ నా చేతినే చూస్తున్నారు. అబద్ధం ఆడదామంటే పక్కనే గువ్వ ఉంది.

"నాకు చుక్కలు రావు వదినా. ఆరో తరగతి మధ్యలో మానేశాను."

మా ఆయన చేతిలో మేకులు ఆగాయి. వదిన కాగితం లాక్కుని, ఏదో కొట్టేసి, ఏదో రాసి నాకు చూపించింది. ఏడు.

"మిగతా అర మార్కు నీది," అంది. "రాదు అని చెప్పావు. మా బడిలో టీచర్లే ఆ మాట అనరు. పిల్ల నీ దగ్గరే ఉండనీ. ఏం నేర్పుతున్నావో గానీ, ఆలోచించడం నేర్పుతున్నావు. కానీ సోమవారం బడికి రావడం మాత్రం తప్పదు."

"ఏడు వచ్చాయి కదా వదినా."

"వచ్చేది పిల్ల కాదమ్మాయ్, నువ్వు. బడి వదిలాక, సాయంత్రం గంటసేపు. చుక్క సంగతి తేలుద్దాం."

"సరే అక్కా," అన్నాడు మా ఆయన. ఈసారి విన్న తర్వాతే అన్నాడు.

సోమవారం సాయంత్రం నేను గుమ్మంలో నిలబడి, చెప్పులేసుకుని, విప్పి, మళ్ళీ వేసుకుంటుంటే గువ్వ వచ్చి తన పెన్సిలు నా చేతిలో పెట్టింది. ఎప్పుడు చెక్కిందో, మొన సూదిలా ఉంది.

"అమ్మా, భయపడకుము," అంది. "అత్త ఏమైనా అడిగితే ముందు ఎవరి మూర అని అడుగుము."