గట్టు బయట సంబంధం

శ్రావణం వస్తోందంటే కాంతం ముందుగా దండెం తీగ బిగించుకుంటుంది. ఆ నెలంతా ఆమెకి చీరలు ఉతుక్కోవడంతోనూ ఆరేసుకోవడంతోనూ సరిపోతుంది. గోదారి పొంగే ముందు ఆమె కట్టుకున్న చీర దానంతటదే ఎర్రనీళ్ళతో తడుస్తుంది. ఆమె నిలబడ్డ చోటికి ఎంత లోతు వరద రాబోతోందో, చీర అంతవరకే తడుస్తుంది. మార్చి ఇంకోటి కట్టినా అంతే. చీలమండ దాకా తడిస్తే పాలతీగలంకలో జనం గడ్డి మేటు వేసుకుంటారు. మోకాలి దాకా అయితే పశువుల్ని ఏటిగట్టుకి దాటిస్తారు. నడుం దాటితే పడవలకి కబురు పెడతారు. "కాంతమ్మగారూ, ఓసారి మా కళ్ళంలోకొచ్చి నిలబడి వెళ్దురూ" అని పిలిచేవాళ్ళే గాని, ఇదేం వింతని అడిగినవాళ్ళు లేరు. కాంతానికి ఉన్న విసుగల్లా ఆ ఒండ్రు మరకలతోనే. సబ్బులు అరిగిపోతాయి తప్ప అవి వదలవు.

లంకవాళ్ళ లెక్కలో లోకం రెండు ముక్కలు. ఏటిగట్టు లోపల ఉన్నవాళ్ళది వరద బతుకు, బయట ఉన్నవాళ్ళది రాజా బతుకు. అందుకే పిల్లనిచ్చేటప్పుడు కుర్రాడి చదువూ ఉద్యోగం తర్వాత, ముందు అడిగేది "సంబంధం గట్టు లోపలా, బయటా?" అనే. కాంతం తన ఒక్కగానొక్క కూతురు యామినిని గట్టు బయటే ఇచ్చింది. అల్లుడు శివప్రసాద్ కువైట్‌లో డ్రైవరు. గట్టుకి ఆనుకున్నట్టే పెంకుటిల్లు, ఒక పాడిగేదె, మాట నెమ్మదైన అత్తగారు సత్యనారాయణమ్మ. ఇల్లు చూడ్డానికి వెళ్ళిననాడు కాంతం ఆ వాకిట్లో చాలాసేపు నిలబడింది. చీర అంచు కూడా తడవలేదు. అందరూ సంతోషించి తాంబూలాలు పుచ్చుకున్నారు. అది మాఘమాసమనీ, గోదారిలో ఇసకతిన్నెలు తేలి ఉన్నాయనీ ఒక్కరికీ తట్టలేదు.

తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. నెలలు నిండేది మరుసటేడు శ్రావణంలో. నిండు చూలాలిని లంకకి ఎలా తీసుకెళ్తారు?

"పురుడు మా ఇంట్లోనే పోసేద్దాం వదినగారూ. గట్టు బయట ఉన్నాం, మాకేం భయం చెప్పండి?" అంది సత్యనారాయణమ్మ.

కాంతం "ఆయ్, అలాగేనండి" అంది గాని, కన్నకూతురికి పురుడు పోయలేకపోయానని ఇంటికొచ్చి ఏడ్చింది.

ఆడపిల్ల పుట్టింది. పురుడు తీరకముందే ధవళేశ్వరంలో రెండో హెచ్చరిక ఇచ్చారు. లంకలో కాంతం చీర మోకాలి దాకా తడిసింది. పశువుల్ని దాటించాక తనూ పడవెక్కి, ఏటిగట్టు దాటి అవతలికి దిగింది. మనవరాలిని చూసుకునే సంబరంలో ఒంటి మీద ధ్యాస లేదు. వియ్యపురాలి వాకిట్లోకి వచ్చేసరికి వణుకు పుట్టింది. చూసుకుంటే చీర, జాకెట్టు మెడ దాకా తడిసి కారుతున్నాయి.

"అయ్యో, లంకంతా మునిగిపోతోందా ఏంటండీ!" అంటూ సత్యనారాయణమ్మ లోపల్నించి పొడి చీర తెచ్చింది. కాంతం కుచ్చెళ్ళు దోపుకునే లోపలే అదీ మెడ దాకా తడిసింది.

"లంకలో మోకాలి దాకానేనండి" అంది కాంతం. "ఇక్కడ మెడ దాకా. గట్టు తెగుద్దండి వదినగారూ. మా లంకలో నీళ్ళు మెల్లిగా ఎక్కుతాయి, సామాను సర్దుకోనిస్తాయి. గండి పడితే అలా కాదండి, ఒక్కసారే మీద పడిపోద్ది."

"ఊరుకోండి, గట్టు మీద ఇసక బస్తాలు వేస్తున్నారు. మీ లంక తడే మీతో వచ్చింది. ఆరిపోద్ది లెండి."

చీరని ఆవిడ నమ్మకపోలేదు. గట్టుని మరికాస్త ఎక్కువ నమ్మింది, అంతే.

కాంతం చీర తడవని చోటు వెతుక్కుంటూ ఊళ్ళోకి నడిచింది. రామాలయం మెట్ల మీద చీర గుండెల దాకా తడిసి ఉంది. బడి దగ్గరా, అమలాపురం రోడ్డు మీదా నడుం దాకా. ఆటోలు అప్పటికే ఆగిపోయాయి. ఊరి చివర చేల మధ్య ఒక దిబ్బ ఎక్కితే ఒంటి మీద గుడ్డంతా పొడిగా అయిపోయింది. హమ్మయ్య అనుకుని తలెత్తి చూసింది. కాలిన కట్టెలు, పగిలిన కుండలు, ఒక రేకుల షెడ్డు. శ్మశానం. వానల్లో చితి ఆరిపోకూడదని పూర్వం ఎవరో మెరక చూసి పెట్టారు. ఉన్నవాళ్ళు పల్లంలో ఇళ్ళు కట్టుకుని, పోయినవాళ్ళకి మెరక వదిలారు.

సంగతి విని సత్యనారాయణమ్మ గుండెలు బాదుకుంది. "పురిటి గుడ్డుని వల్లకాటికి తీసుకెళ్తారా? మతుండే మాట్లాడుతున్నారా? మీ అన్నయ్యగారిని సాగనంపిననాడు కూడా నేను అక్కడ అడుగు పెట్టలేదండి!"

యామిని మంచం మీద లేచి కూర్చుంది. "అమ్మా, నీ చీర ఎప్పుడైనా తప్పిందా?"

"లేదమ్మా."

"అయితే పద." తలకి గుడ్డ బిగించుకుని బిడ్డని ఎత్తుకుంది.

దారిలో కాంతం చీర చూసిన కొందరు వెనకే నడిచారు. సత్యనారాయణమ్మ తిడుతూ, ఏడుస్తూ, పసిదాని గుడ్డల మూట పట్టుకుని దిబ్బ మొదట్లోదాకా వచ్చి ఆగిపోయింది.

"రండి వదినగారూ" అని కాంతం ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"గేదెని విప్పలేదండి. కట్టుగొయ్యకే ఉండిపోద్ది పాపం. విప్పేసి వచ్చేస్తాను."

అందులో సగం సాకని కాంతానికి తెలుసు. లంకలో అయితే జుట్టు పట్టి ఈడ్చుకొచ్చేది. కాని ఈవిడ వియ్యపురాలు. పిల్లనిచ్చుకున్న చోట గట్టిగా లాగితే ఏం బాగుంటుందని మర్యాదకి వెనకాడి, చెయ్యి వదిలేసింది.

దీపాలు పెట్టే వేళకి గట్టు తెగింది. పెద్ద చప్పుడు, ఆపైన ఊళ్ళోంచి కేకలు, కాసేపటికి అవీ లేవు. గేదె మాత్రం ఈదుకుంటూ వచ్చి దిబ్బెక్కింది. మెడలో తాడు లేదు.

తెల్లవారాక కాంతం నీళ్ళలోకి దిగింది. మెడ లోతు ఎర్రనీళ్ళలో "వదినగారూ, వదినగారూ" అని పిలుచుకుంటూ వెళ్ళింది. ఇంకో ఇద్దరి సాయంతో, పశువుల పాక వాసాల మధ్య చిక్కుకున్న మనిషిని విడిపించి దిబ్బ మీదికి చేర్చింది.

దిబ్బ మీద అందరి ఒంటిమీదా గుడ్డలు వానకి ముద్దయిపోయాయి. కాంతం చీర పొడిగా ఉంది. ఒంటి మీద ఉండగా ఆ చీర రాబోయే నీళ్ళకే తడుస్తుంది గాని, వచ్చేసిన నీళ్ళకి తడవదు. ఇక రావలసిన నీళ్ళు లేవు.

తడి పొత్తిళ్ళలో పసిది గుక్కపట్టి ఏడుస్తోంది. కాంతం పమిట చెంగు బారెడు చింపింది.

"ముందు అత్తయ్యగారికి కప్పమ్మా" అంది యామిని.

కాంతం వియ్యపురాలి మొహంకేసి చూసింది. ఆ చెయ్యి ఎందుకు వదిలానని లోపల్లోపల కుమిలిపోయింది. తర్వాత బిడ్డని అందుకుని పొడి గుడ్డలో చుట్టింది.

"ఆవిడకింక చలి తెలీదే" అంది.