ఒప్పందంలో రెండో షరతు

ఎమ్మిగనూరులో ఉదయం ఎనిమిది గంటల బస్సు ఎక్కాను. చేతిసంచిలో ఒప్పంద పత్రం ఉంది. మద్రాసు ప్రచురణకర్తల ఏజెంటు శేషగిరి ఆదోనిలో మధ్యాహ్నం వరకే ఉంటాడు. ఆ తర్వాత రైలెక్కి వెళ్ళిపోతాడు. ఈలోగా కాగితం అతని చేతికి అందితే మా రెండో తరగతి లెక్కల పుస్తకం వచ్చే జూన్‌కు బళ్ళకు వెళుతుంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చి ఏడాది దాటింది. కొత్త పుస్తకాల కమిటీ మా పుస్తకాన్ని ఒప్పుకుంది.

ఆదోని కోర్టుకు వెళ్ళే వకీలు మధుసూదనరావు నా పక్కనే కూర్చున్నాడు. చిన్ననాటి స్నేహితుడు.

"ఏమప్పా, ఇస్త్రీ పంచె, కొత్త కండువా. పెండ్లికొడుకు మాదిరి యాడికి పోతాండావు?"

అన్న వెంటనే నాలుక కరుచుకున్నాడు. నా భార్య పోయి అప్పటికి మూడు నెలలు.

"ఉండనీలే. ఇది చూడు" అని పత్రం ఇచ్చాను.

బస్సు కుదుపులకు పెన్సిలు నిలవడం లేదు. అయినా అతను ఒక్కో షరతూ గుచ్చి గుచ్చి చదివాడు.

"ఐదోది చూడు. ఇకముందు నీవు రాసే పుస్తకాలన్నీ వాళ్ళవేనంట. ఒక బర్రెను కొని, నీ కొట్టంలో పుట్టే దూడలన్నీ మావే అన్నట్లుంది." గీత కొట్టాడు. "ఏడోది. పాఠాలు వాళ్ళ ఇష్టమొచ్చినట్ల మార్చుకుంటారంట. 'అనుమతి లేక మార్చరాదు' అని రాయి. తక్కినవన్నీ వాడుక మాటలే. సంతకం పెట్టు."

నేను కలం తీశాను. సంతకం పెట్టే ముందు మొదటి నుంచి ఒకసారి చదవడం నా అలవాటు. రెండో షరతు దగ్గర ఆగిపోయాను.

'సదరు గ్రంథము కేవలము నా స్వబుద్ధిచే రచింపబడినదనియు, ఇందు అన్యుల రచన ఏమియు లేదనియు ప్రమాణము చేయుచున్నాను.'

"ఇది పెట్టలేను" అన్నాను.

"ఏం? అందరూ పెట్టేదే కదా."

"పుస్తకం నేను రాయలేదు. ఇంట్లో ఆమె రాసింది. పాత పరీక్ష కాగితాల వెనకవైపు రాసేది. నా అక్షరం బాగుంటుందని నాతో తిరగరాయించింది. మా బడి చిరునామాతో నేనే పంపినాను. వాళ్ళు నేనే అనుకున్నారు."

మధుసూదనరావు నావైపు తిరిగి కూర్చున్నాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదే!"

"అడగలేదు కదా."

"పెట్టింటే అబద్ధపు ప్రమాణమయ్యేది. ఆమె పేరు ఇంక యాడా ఉండేది కాదు. చూడప్పా, రాసినోళ్ళు పోయినాక కూడా హక్కు యాభై ఏండ్లు నిలుస్తాది. నీవు వారసుడుగా సంతకం పెట్టాల. కానీ శేషగిరి ఒప్పుకోవాల."

యాభై ఏళ్ళు. ఆ మాట విన్నాక బస్సు ఎంత వేగంగా పోయినా నాకు చాలలేదు.

పత్తి మండీ పక్కన ఒక షావుకారు మిద్దె మీద శేషగిరి పెట్టె సర్దుకుంటున్నాడు. మేము చెప్పింది విని మొహం ముడుచుకున్నాడు.

"అయ్యవారూ, కమిటీ ఒప్పుకున్నది బడి పంతులు రాసినాడని. ఇంట్లో ఉండే ఆడమనిషి రాసిందంటే వెనక్కి పంపితే?"

"పంపనీ."

"పుస్తకమే రాకుండా పోతాదే."

"రాకపోతే పోనీ. ఆమె పేరు లేకుండా వద్దు."

ఆ మాట అనడానికి నాకు చాలా శ్రమ అయింది. ఆమె ఆ పుస్తకం కోసం ఎంత ఎదురుచూసిందో నాకు తెలుసు.

"రాతంతా మీదే. ఆమె రాసిందని నేనెట్ల నమ్మేది?" అంటూ అతను రాతప్రతి తిరగేశాడు. "సరే, ఇది చెప్పండి. పదకొండో పాఠంలో తప్పుంది. తిమ్మయ్య జేబులో పన్నెండు శనక్కాయలు. దోవలో నాలుగు తిన్నాడు. బడికొచ్చి చూసుకుంటే ఏడు. మా ప్రూఫులాయన ఎనిమిదని దిద్దినాడు."

"దిద్దవద్దు. తిరగరాసేటప్పుడు నేనూ ఎనిమిదనే రాసినాను. ఆమె కొట్టేయించింది. ఒకటి యాడికి పోయిందో పిల్లోళ్ళే చెప్పాల, అప్పుడే తీసివేత వస్తాది అనింది. రెండు రోజులు వాదించినాను. గెలవలేదు. బడిలో పిల్లోళ్ళకు ఆ లెక్క ఇస్తే తలా ఒక జవాబు చెప్పేవాళ్ళు."

శేషగిరి ఆ పేజీని మళ్ళీ చదివాడు. నవ్వాడు.

"ఇది పంతులు రాసే లెక్క కాదులే, వకీలు సాబ్."

"ఏడో షరతు అందుకే దిద్దినాం" అన్నాడు మధుసూదనరావు గంభీరంగా.

శేషగిరి రెండో షరతును తానే కొట్టేసి, కలం నాకిచ్చాడు. 'ఈ గ్రంథమును రచించినది కీర్తిశేషురాలు ఇందిరాబాయి. నేను ఆమె భర్తను, వారసుడను' అని రాసి సంతకం చేశాను.

"కమిటీతో నేను కొట్లాడుతా. తక్కిన షరతులు మాత్రం అట్లే ఉండనీండి, నాకూ యజమాని ఉన్నాడు" అని అతను పెట్టె ఎత్తుకున్నాడు. మెట్ల మీద ఆగాడు. "ఆ ఒక్క కాయ యాడికి పోయిందని చెప్పేవాళ్ళు, పిల్లోళ్ళు?"

"కొందరు జేబుకు చిల్లి ఉందనేవాళ్ళు. ఎక్కువమంది, అయ్యవారు తినేసినాడనేవాళ్ళు."