నాగరత్నమ్మ కోసం ప్రార్థన

దేవసహాయం పోయిన రోజు సాయంత్రం హాల్లో ఆడవాళ్ళు కీర్తన పాడుతుండగా, కింది వాటాలో ఏడున్నర సీరియల్ పాట మొదలైంది. మొదలైన మరుక్షణమే ఎవరో గబుక్కున ఆపేశారు. కింద ఉండే ఖమర్ బీ పెద్ద మనసు అది. కానీ గోడకు ఆనుకుని కూర్చున్న ఆయన భార్య ప్రేమమణికి, ఆపకపోతే బాగుండేదనిపించింది. సీరియల్లో ఆ పాలగ్లాసు ఎవరు తాగారో తెలియకుండానే ఆయన వెళ్ళిపోయారే అనుకుంది. అనుకున్నందుకు సిగ్గుపడి తల వంచుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె ఏడుస్తోందనుకుని వీపు నిమిరారు.

ఆ సీరియల్లో నాగరత్నం అనే అత్త ఉంది. కోడలు తాగే పాలలో విషం కలిపింది ఆవిడే. మారేడ్‌పల్లిలోని ఆ మేడమీది వాటాలో నాలుగేళ్ళుగా ఆవిడ మీద రోజూ వాదన జరిగేది. ప్రేమమణి బళ్ళో తెలుగు టీచరు. తప్పు చేసినవాళ్ళకు మార్కులు వేసే అలవాటు లేదు. రైల్వేలో రిటైరైన దేవసహాయం మాత్రం నాగరత్నం పక్షం.

"ఆ కొంపలో పనిచేసేది ఆవిడొక్కతే మణీ. మిగతావాళ్ళంతా కూర్చుని ఏడ్చేవాళ్ళే. చూస్తూ ఉండు, ఎప్పటికైనా మారుతుంది" అనేవాడు.

మారదని ప్రేమమణి. అన్నాలు చల్లారిపోయేదాకా ఇదే గొడవ.

ఆయన పోయాక ఆడపడుచు కాంతమణి టీవీ మీద దుప్పటి కప్పి, బాపట్ల వెళ్ళిపోయింది. ఆ దుప్పటి తీయడానికి ప్రేమమణికి చేతులు రాలేదు. గిన్నె తిరిగివ్వాలనో, జాకెట్టుకు హుక్కులు కుట్టించుకోవాలనో వంక పెట్టుకుని సరిగ్గా ఏడున్నరకు కిందికి దిగేది. వంకలన్నీ అయిపోయిన రోజు ఖమర్ బీయే కుట్టుమిషను పక్కన కుర్చీ వేసి ఉంచింది.

సీరియల్లో పాలగ్లాసులు తారుమారై, విషం నాగరత్నమే తాగింది. ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉంది. పీడ విరగడవుతుందని ఖమర్ బీ సంబరపడింది. ప్రేమమణి కూడా సంబరపడవలసిందే, నాలుగేళ్ళుగా ఆమె కోరుకున్నదీ అదే. తీరా నోరు తెరిస్తే, ఆ కొంపలో పనిచేసేది ఆవిడొక్కతే కదా అన్న మాట వచ్చింది. అది తన మాట కాదని ఆమెకు తెలుసు. ఆయన వైపున వాదించే మనిషి లేకుండా పోవడంతో ఆ పని కూడా తన మీదే పడ్డట్టుంది. ఇప్పుడు నాగరత్నం చచ్చిపోతే, మారుతుందన్న ఆయన మాట ఓడిపోయినట్టే. ఆ రాత్రి ఆమెకు నిద్ర సరిగా పట్టలేదు.

శుక్రవారం సాయంత్రం గృహప్రార్థన ప్రేమమణి ఇంట్లోనే పెట్టారు. ఆమె నోరు విప్పాలన్నదే అందరి తాపత్రయం. ఆయన పోయినప్పటి నుంచి ఆమె నలుగురిలో ప్రార్థన చేయలేదు. ఆయన పేరు కూడా ఎత్తలేదు. ఎత్తితే గొంతు ఏమవుతుందో తెలియదు. పిల్లల ముందు ఎన్నడూ తడబడని గొంతు అది.

ప్రార్థన మనవులు చెప్పమన్నారు పాస్టరు జ్ఞానశేఖర్ గారు. నేరేడ్‌మెట్ నుంచి వచ్చిన రోసమ్మ తన మోకాళ్ళ గురించి, మోకాళ్ళ కన్నా ఎక్కువగా అల్లుడి గురించి చెప్పింది. తర్వాత అందరూ ప్రేమమణి వైపు తిరిగారు. ఆ చూపుల్లో జాలి ఉంది. ఆమె చాప అంచును గట్టిగా పట్టుకుంది. భర్త పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. దాని బదులు ఇంకో పేరు బయటపడింది.

"నాగరత్నమ్మ గారు ఆస్పత్రిలో ఉన్నారు. ఇంకా స్పృహ రాలేదు."

ఎవరమ్మా అని పాస్టరు గారు మెల్లగా అడిగారు.

"తెలిసినావిడే. మా వారికి ఆవిడంటే చాలా అభిమానం."

రోసమ్మ కనుబొమలు కొంచెం పైకి లేచాయి. పాస్టరు గారు మాత్రం కళ్ళు మూసుకుని, నాగరత్నమ్మ గారిని ముట్టి స్వస్థపరచమనీ, వైద్యుల చేతులను దీవించమనీ చాలాసేపు వేడుకున్నారు. అందరూ ఆమెన్ అన్నారు. అందరికన్నా గట్టిగా అన్నది పాస్టరు గారి భార్య మేబెల్ అమ్మగారు. అందరూ వెళ్ళాక నిజం చెప్పేయాలని ప్రేమమణి రెండుసార్లు మెట్లదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. విన్న ప్రార్థనను వెనక్కి ఇవ్వడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

మరుసటి శుక్రవారం వాళ్ళు సంచీతో వచ్చారు. సంచీలో బత్తాయిలు, హార్లిక్స్ సీసా. ప్రార్థన అవగానే కార్ఖానా ఏరియాలోని ఆస్పత్రులన్నీ దారిలోనే కనుక, అందరూ కలిసి నాగరత్నమ్మను చూసి వద్దామని రోసమ్మ అంది. అసలు ఈ నాగరత్నమ్మ ఎవరో కళ్ళారా చూడాలని ఆమె వారమంతా తపించిపోయింది.

ఏ ఆస్పత్రి అని పాస్టరు గారు అడిగారు. ప్రేమమణి బత్తాయిల వైపు చూసింది. అబద్ధం చెప్పడం రాదు, నిజం చెప్పడానికి నోరు రావడం లేదు. అప్పటికి ఏడున్నర దాటింది. కుర్చీ ఖాళీగా ఉండటం చూసి ఖమర్ బీ మెట్లెక్కి వచ్చి, లోపల ఎవరున్నారో చూసుకోకుండానే గుమ్మంలోంచి చెప్పింది.

"టీచరమ్మా, ఇంకా ఈడనే ఉన్నరా? నాగరత్నం కండ్లు తెరిచింది. మంచం మీదికెళ్ళి లేచుడు లేచుడే కోడల్ని చెంప మీద కొట్టింది. జెర జల్ది రాండ్రి, బ్రేక్ అయిపోతది."

పాస్టరు గారు హార్లిక్స్ సీసాను సంచీలోంచి సగం తీసి, మళ్ళీ లోపల పెట్టారు.

"టీవీలో ఆవిడా?" అన్నారు.

"అవునండీ" అంది మేబెల్ అమ్మగారు. "నాకు పోయిన వారమే తెలుసు. అందుకే గదా అంత గట్టిగా ఆమెన్ అన్నాను."

ముందు నవ్వింది రోసమ్మే. వారమంతా ఏదేదో ఊహించుకున్న ఆమెకే బహుశా అందరికన్నా ఎక్కువ బరువు దిగింది. పాస్టరు గారు నవ్వాపుకోలేక కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ప్రేమమణికి కూడా నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే, ఆమెకు తెలియకుండానే, ఆగిపోయిన పేరు వచ్చేసింది.

"దేవసహాయం గారు ఉంటే ఇప్పుడు ఏమనేవారో తెలుసా? చెంపదెబ్బ కొట్టిందంటే ఓపిక వచ్చినట్టే, ఇక మారుతుంది చూడు, అనేవారు."

గొంతు వణికింది. కానీ విరగలేదు. ఆమె ఆగకుండా ఆ వాదనలన్నీ చెప్పింది, చల్లారిన అన్నాలతో సహా. మేబెల్ అమ్మగారు కోడలి పక్షమని తేలింది. రోసమ్మ అల్లుడి మీది కోపంతో అత్త పక్షానికి చేరింది. చివరి ప్రార్థన నువ్వే చెయ్యమ్మా అని పాస్టరు గారు అంటే, ప్రేమమణి చేసింది. చిన్న ప్రార్థనే. భర్తను పేరు పెట్టి తలచుకుని, ఆయనను తనకు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెల్లించింది.

బత్తాయిలు ఖమర్ బీ ఇంట్లో వలుచుకుని తిన్నారు. ఆ రోజు నుంచి కుట్టుమిషను పక్కన శుక్రవారాలు కుర్చీలు చాలడం లేదు.

నాగరత్నం ఇంకా మారలేదు. మేడమీద టీవీ మీది దుప్పటిని ప్రేమమణి ఇంకా తీయలేదు.