కూత పెట్టె

ఆ వీధిలో ఆవిణ్ణి అందరూ నిప్పులత్త అనేవారు. అది నోటి దురుసు వల్ల వచ్చిన పేరు కాదు. ఆ సంగతి నమ్మడానికి కొత్తగా వచ్చినవాళ్ళకి కొంచెం టైము పట్టేది. చలికాలం మొదట్లో ఒకసారి రాజేసిన పొయ్యిని చలి పోయేదాకా ఆరనివ్వకపోవడం ఆవిడ ఘనత. పడుకునే ముందు లావుపాటి మొద్దు ఒకటి లోపలికి తోసి, గాలి దారులన్నీ మూసి, బూడిద కప్పేది. నివురు గప్పిన నిప్పు అని అందరూ మాటవరసకి అంటారు, ఆవిడ తెల్లారగానే కెలికి చూపించేది. పక్కింట్లో పొయ్యి ఆరిపోతే గరిటె పట్టుకుని ఈ గుమ్మంలోకే వచ్చేవారు. ఆవిడ నిప్పు ఇచ్చేది, దాంతోపాటు నాలుగు చీవాట్లు కూడా ఇచ్చేది.

గది వెచ్చగా ఉంచే ఆ పాత ఇనప పొయ్యి ఒళ్ళంతా పగుళ్ళు. ఎంత మూసినా ఏదో ఒక సందులోంచి గాలి పీల్చుకునేది కాబట్టి ఆవిడ విద్య సాగింది. ఆవిడ మాత్రం అదంతా తన చేతి మహిమే అనుకుంది.

కోడలు కడుపుతో ఉన్నప్పుడు ఇంట్లో కొత్త పొయ్యి మాట వచ్చింది. కొడుకు లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్ల మీదే. కోడలు బట్టలు కుట్టే షాపులో పని చేసేది. మెతక మనిషి, గట్టిగా ఏదీ అడగదు. అలాంటిది ఆ ఒక్కటీ అడిగింది, పసిబిడ్డ పెరిగే ఇంట్లో ఈ పొగ వద్దని. కొడుకు సరేనన్నాడు. "కొత్త ఒక వింత, పాత ఒక రోత" అంది నిప్పులత్త, పొయ్యి గురించే అన్నట్టు.

పొయ్యి బిగించడానికి వచ్చిన మేస్త్రీ ఒక మాటకి పది మాటలు వాడే మనిషి. నేల మీద రాతి పలక పరిచి, దాని మీద పొయ్యి నిలబెట్టి, గోడకి మధ్య మనిషి పట్టేంత జాగా వదిలాడు.

"ఏమయ్యా, గదంతా పొయ్యికే రాసిచ్చామా?" అంది నిప్పులత్త.

"గోడ లోపల చెక్క ఉందమ్మా. వేడి తగిలి తగిలి అది లోపల్లోపలే ఎండిపోతుంది. ఇవాళ అంటుకోదు, రేపూ అంటుకోదు. అంటుకున్న రోజున మాత్రం చెప్పి అంటుకోదు."

పొగగొట్టాన్ని వంపులు లేకుండా నిటారుగా లేపి, ఇంటి కప్పు కొప్పు కన్నా పైకి తీసి, మీద టోపీ పెట్టాడు. దిగి వచ్చి చేతులు తుడుచుకుంటూ మొదలుపెట్టాడు. కట్టె బాగా ఎండి ఉండాలి, రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే ఠంగుమని మోగాలి. తలుపు కింద ఉన్న ఈ మీట గాలి కోసం, మంట ఉన్నంతసేపూ దీన్ని పూర్తిగా మూయకూడదు. బూడిద మూత ఉన్న ఇనప డబ్బాలోకి ఎత్తి బయట పెట్టాలి, చల్లారిందనుకున్న బూడిదలో కూడా నిప్పు దాక్కుంటుంది. ఏటా చలికి ముందు గొట్టంలో బ్రష్షు దింపించాలి.

"రాత్రికి ఆరిపోతే ఆరిపోనివ్వండమ్మా. పొద్దున్న మళ్ళీ వెలిగించుకోవచ్చు," అని ముగించాడు.

నిప్పులత్త మొహంలో రంగు మారింది. ఆరిపోనివ్వడమా? ఈ ఇంట్లోనా?

చివర్లో అతను చేతి సంచిలోంచి తెల్లటి చిన్న పెట్టె ఒకటి తీసి కోడలి చేతిలో పెట్టాడు. "పొగైతే కనిపిస్తుంది, దగ్గొస్తుంది, బయటికి పరిగెడతాం. పొయ్యికి ఊపిరాడకపోతే ఇంకో గాలి పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రపోయినవాళ్ళు నిద్రలోనే పోతారు. అది గదిలోకి వస్తే ఈ పెట్టె కూస్తుంది. వారానికోసారి ఈ బొత్తాం నొక్కి చూసుకోండి." కోడలు దాన్ని శ్రద్ధగా గోడకి తగిలించింది. నిప్పులత్త దానికి కూత పెట్టె అని పేరు పెట్టింది. ఎదురింటావిడతో మాత్రం, "పొమ్మనలేక పొగబెడతారని విన్నాం. నా కోడలు పొగ తీసేసి పొమ్మంటోంది," అంది. అది అన్యాయపు మాటని ఆవిడకీ తెలుసు.

మనవడు పుట్టాక ఆ ఉక్రోషం చాలావరకు కరిగిపోయింది. కోడలు మళ్ళీ పనిలోకి వెళ్ళే రోజు వాణ్ణి తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టి, "మీరుండబట్టి ధైర్యంగా వెళ్తున్నాను అత్తయ్యా," అంది. ఆ ఒక్క మాటతో నిప్పులత్తకి ఇంట్లో పోయిన పెత్తనం వడ్డీతో సహా తిరిగి వచ్చినట్టయింది. పగలంతా వాడు ఆవిడ వాడు. వాడి నిద్ర ఆవిడ కాపలాలో ఉండేది. వీధిలో ఎవరైనా గట్టిగా దగ్గినా గుమ్మంలోకి వచ్చి కళ్ళెర్రజేసేది.

పొయ్యి దగ్గర మాత్రం ఆవిడ తన పాత పద్ధతి మానలేదు. మొద్దు తోయడం, మీట ఆ చివరికంటా నెట్టేయడం. కొత్త పొయ్యికి పగుళ్ళు లేవు. నిప్పు లోపల గుడ్లప్పగించి కూర్చునేది, తలుపు అద్దం నల్లబడేది. సాయంత్రం కోడలు వచ్చి తడి కాగితాన్ని బూడిదలో అద్ది ఆ అద్దం తుడిచేది. ఒకసారి తుడుస్తూ, "మీట మరీ మూసేస్తున్నారేమో అత్తయ్యా," అని నెమ్మదిగా అంది.

"నాకు పొయ్యి నేర్పుతావా?" అంది నిప్పులత్త. ఆ తర్వాత కోడలు అద్దం మాత్రమే తుడిచింది.

కట్టె వేయడానికి తలుపు తీసినప్పుడల్లా మూలిగే నిప్పులోంచి పొగ గుప్పుమని గదిలోకి వచ్చేది. అలాంటప్పుడు రెండు మూడుసార్లు కూత పెట్టె గోల పెట్టింది. అప్పుడే కునుకు పట్టిన పసివాడు ఉలిక్కిపడి లేచి, చేతులు రెండూ గాల్లోకి విసిరి గుక్కపట్టాడు. నిప్పులత్త ప్రాణం విలవిల్లాడింది. ఆ పెట్టె ఉత్త పిరికి గొడ్డు, ఆకు కదిలినా అరుస్తుంది అని తీర్మానించుకుంది. మర్నాటి నుంచి కోడలు వీధి మలుపు తిరగగానే పెట్టెని గోడ మీంచి తీసి, బొంతలో చుట్టి, గది మూలనున్న చెక్క ట్రంకులో పెట్టేది. కోడలు వచ్చే వేళకి మళ్ళీ తగిలించేది. పసివాడు హాయిగా నిద్రపోయేవాడు. మంచిపనే చేస్తున్నానని ఆవిడ అనుకుంది.

ఆ రోజు పొద్దుటి నుంచీ ముసురు. గాలి కదలడం లేదు. వసారాలో కట్టెలు సగం తడిసిపోయాయి. కోడలు వెళ్ళాక నిప్పులత్త ఉన్నవాట్లో బరువైన మొద్దు ఏరి పొయ్యిలోకి తోసి, మీట మూసి, ఉయ్యాల పక్కన కూర్చుంది. మధ్యాహ్నానికి తల దిమ్ముగా అనిపించింది. ముసురు పడితే తనకి తలనొప్పి మామూలే. చెవిలో సన్నగా ఏదో హోరు. వయసు వచ్చాక చెవులు మాత్రం ఊరుకుంటాయా అనుకుంది.

పసివాడు పాల వేళ దాటినా లేవలేదు. "నా తండ్రి ఎంత బాగా నిద్రపోతున్నాడో," అని మురిసిపోయింది. ఆవిడ జీవితంలో అంత తప్పుడు మురిపెం ఇంకొకటి లేదు.

కాసేపటికి గది చల్లబడుతున్నట్టు అనిపించి, వాడికి ఇంకో దుప్పటి కప్పుదామని లేచింది. కాళ్ళు తనవి కానట్టున్నాయి. గోడ పట్టుకుని ట్రంకు దాకా వెళ్ళి మూత ఎత్తింది. చెవిలో హోరు అనుకున్నది ఒక్కసారిగా కేక అయింది. బొంత మడతల మధ్య కూత పెట్టె ఎర్ర దీపం ఆర్పుతూ వెలిగిస్తూ అరుస్తోంది. ఎంతసేపటి నుంచి అరుస్తోందో.

ఆవిడకి మేస్త్రీ మాటలన్నీ గుర్తు రాలేదు. ఒక్కటే గుర్తొచ్చింది, నిద్రలోనే పోతారన్నది. ఉయ్యాల దగ్గరికి ఎలా వెళ్ళిందో, తలుపు ఎలా తీసిందో తెలియదు. పసివాణ్ణి గుండెకి అదుముకుని వానలోకి వచ్చి పడింది. వాడి మెడ వాలిపోతోంది. అరికాళ్ళు తట్టింది. బుగ్గలు తట్టింది. "ఏడువు నాన్నా, ఏడువు," అంది. ఇన్నాళ్ళూ ఏ ఏడుపు వినపడకూడదని కూత పెట్టె నోరు నొక్కిందో, ఆ ఏడుపు కోసం వాన నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలుకుంది.

వాన చినుకులు మొహం మీద పడుతుండగా వాడి పెదవి వంకర తిరిగింది. ముందు మూలిగాడు. తర్వాత సన్నగా, పిల్లికూనలా ఏడ్చాడు. అప్పటికి ఎదురింటావిడ పరిగెత్తుకొచ్చింది, వాళ్ళాయన వ్యాను తీశాడు. ఆసుపత్రిలో నిప్పులత్తకీ మనవడికీ ఆక్సిజన్ పెట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే మాటలు వేరేగా ఉండేవని కబురందుకుని వచ్చిన కోడలితో డాక్టరు చెప్పాడు. కోడలు అత్తగారి వైపు చూసింది.

ఇంటికి వచ్చాక కబురు పెడితే మేస్త్రీ వచ్చి పొగగొట్టం విప్పి వసారాలో పడుకోబెట్టాడు. లోపలంతా తారులా నల్లగా గట్టిపడిన పూత. పొగ వెళ్ళడానికి చెయ్యి దూరేంత సందు కూడా లేదు. "తడి కట్టె, మూసిన మీట," అన్నాడు. గొట్టం గీకి శుభ్రం చేసి మళ్ళీ బిగించాడు. ఆ వాగుడుకాయ అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకపోవడమే నిప్పులత్తకి పెద్ద శిక్ష అనిపించింది.

ఆ సాయంత్రం కోడలు పసివాడి బట్టలు మడతపెడుతుంటే ఆవిడ వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"వాణ్ణి ఇంకెక్కడైనా పెట్టాలంటే పెట్టుకో. నేనేమీ అనుకోను," అంది. అది అబద్ధం.

కోడలు చేతిలో చొక్కా మడతపెట్టడం ఆపింది. "మీరు ఆ పెట్టె తీస్తున్నారని నాకు తెలుసు అత్తయ్యా."

నిప్పులత్త తల ఎత్తింది.

"ఒకసారి తలకిందులుగా తగిలించారు. ఇంకోసారి దానికి బొంత దూది అంటుకుని ఉంది. నేనే తుడిచి సరిగ్గా పెట్టాను. అడిగితే మీరు నొచ్చుకుంటారని, వాణ్ణి చూసుకోనంటారని ఊరుకున్నాను." ఆమె కళ్ళు నిండిపోయాయి. "తల్లిని కదా. నేనెలా ఊరుకున్నాను?"

తన నోటికి జడిసి ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరన్నది కూడా ఇన్నాళ్ళూ నిప్పులత్త తన ఘనతల్లోనే వేసుకుంది. ఒకరికొకరు మొహం మీద చెప్పుకోకుండా ఇద్దరూ కలిసి పసివాడి ప్రాణం మీదికి తెచ్చారు. ఆవిడ చెయ్యి చాపి కోడలి చేతిలో చొక్కా తీసుకుని తానే మడతపెట్టింది.

"ఇకనుంచి మొహం మీదే చెప్పు. నొచ్చుకుంటే నొచ్చుకుంటాను. రెండు రోజులు మూతి ముడుచుకుంటాను, మూడో రోజు నేనే మాట్లాడతాను."

"అయితే మొదటి మాట. రాత్రికి నిప్పు ఆరిపోవాలి."

నిప్పులత్తకి మూతి ముడవాలనే అనిపించింది. ముడవలేదు.

మర్నాడు పొయ్యి చల్లగా ఉంది. ఆవిడ బూడిద డబ్బాలోకి ఎత్తి మూత పెట్టి బయట పెట్టింది. ఎండు కట్టెలు ఏరి, ఠంగుమనేదాకా ఒకదానికొకటి కొట్టి చూసింది. సన్నటి చితుకులు పేర్చి, మీట మొత్తం తెరిచి, అగ్గిపుల్ల గీసింది. అప్పుడే ఎదురింటావిడ గరిటె పట్టుకుని వచ్చి, "నీ ఇంట్లో నిప్పు లేకపోవడమా?" అని బుగ్గలు నొక్కుకుంది. "అగ్గిపెట్టె ఇస్తాను, తీసుకుపో," అంది నిప్పులత్త.

వారం చివర కోడలు పెట్టె బొత్తాం నొక్కడానికి స్టూలు తెచ్చి, ఉయ్యాల వైపు చూసి ఆగింది. పసివాడు అప్పుడే నిద్రలోకి జారాడు.

"లేచాక నొక్కుదాం లెండి."

"తప్పుకో," అంది నిప్పులత్త. స్టూలు ఎక్కి తనే నొక్కింది. పెట్టె గది దద్దరిల్లేలా కూసింది. పసివాడు ఉలిక్కిపడి లేచి, మొహం ఎర్రగా చేసుకుని, వీధి చివరిదాకా వినిపించేలా గుక్కపట్టాడు. కోడలు ఉయ్యాల వైపు పరిగెత్తబోయింది.

నిప్పులత్త ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపింది. "ఒక్క క్షణం ఏడవనీ తల్లీ," అంది. "విననీ."