కొండ కింద సాగే రోడ్డు

ఏటా డిసెంబరు చివరి ఆదివారం, హిందూపురం కాలేజీ పాత పరుగు జట్టు వాళ్ళు ఇంటిల్లిపాదితో పెనుకొండకు చేరతారు. కొండ కింద రోడ్డు మీద ఐదు కిలోమీటర్ల పందెం. ఒకరు పాత విద్యార్థి, ఇంకొకరు వాళ్ళింటి మనిషి. ఇద్దరూ జంటగా పరిగెత్తి జంటగానే గీత దాటాలి. ఆ తర్వాత అందరికీ బొరుగులతో కలిపిన ఉగ్గాని, బజ్జీలు.

ఆ రోడ్డుకొక గుణముంది. జంటలో ఎవరి కడుపులోనైనా చెప్పని మాట ఉంటే, అది బయటపడేదాకా రోడ్డు సాగుతూనే ఉంటుంది. అందుకే వంటవాళ్ళు ఉగ్గాని ఒకేసారి కలపరు, ఆలస్యంగా వచ్చేవాళ్ళకని కొన్ని బొరుగులు పక్కన పెడతారు. ఒక ఏడు అమర్‌నాథ్, అతని తమ్ముడు పొలం గట్టు సంగతి తేల్చుకుని వచ్చేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. షామియానా విప్పాల్సినవాళ్ళు అంతదాకా దాని కిందే కునుకు తీశారు.

హేమావతి ఆ జట్టులో ఒకప్పుడు అందరికంటే ముందుండేది. ధర్మవరం కోడలయ్యాక అత్త రామక్క పక్కన రెండో మగ్గం మీద పట్టుచీరలు నేస్తోంది. ఏటా భర్త నాగేష్‌తో పరిగెత్తేది. ఈసారి అతని కాలు మడతపడి చీలమండ వాచింది. తన బదులు అమ్మ పేరు ఇచ్చేశాడు.

అత్తాకోడళ్ళకు దసరా నుంచీ మాటల్లేవు. పండక్కొచ్చిన చుట్టాల ముందు రామక్క, పరిగెత్తే కాళ్ళు మగ్గం గుంతలో యాడ నిలుస్తాయని అంది. కోడలు మాట మానేసింది. అత్తా మానేసింది. కూర ఏం చేయాలన్నా నాగేష్ నోటి మీదుగానే.

ఇంకొక సంగతీ ఉంది. ఆడపిల్లలకు పరుగు నేర్పడానికి రమ్మని కాలేజీ ఆటల మాస్టరు చిన్నస్వామి హేమావతికి కబురుపెట్టాడు. మర్నాటికల్లా ఏదో ఒక మాట చెప్పాలి. ఇంట్లో ఎవరికీ చెప్పకుండానే, రానని చెప్పేద్దామనుకుంది.

చిన్నస్వామి విజిల్ ఊదాడు. రామక్క చీర ఎగ్గట్టి, కొడుకు బూట్లలో గుడ్డలు కుక్కుకుని కదిలింది. ఎన్నో ఏళ్ళు మగ్గం తొక్కిన కాళ్ళు, బాగానే పరిగెత్తింది. సగం దూరంలో నీళ్ళ బల్ల వచ్చింది. అక్కడ నీళ్ళిచ్చే పని చూస్తున్న పాత జట్టు మనిషి నాగలక్ష్మి గ్లాసులందించింది. ఇంకొంత దూరం పోతే మళ్ళీ అదే బల్ల. నాగలక్ష్మి మళ్ళీ నీళ్ళు పోసింది. మూడోసారి వచ్చేసరికి రెండు కుర్చీలు వేసి, తాను అవతలికి పోయింది.

రామక్క కూర్చుని బూట్లు విప్పింది.

“కాలేజీ సారు నాగేష్‌కి గూడా ఫోన్ చేసినాడు. నాకు తెలుసు,” అంది.

“తెలిసీ అడగలేదేం అత్తా?”

“నువ్వే చెప్తావని చూస్తాంటి. ఆ పొద్దు నేనన్నది కోపంతో కాదమ్మీ. నువ్వు పోతే ఆ రెండో మగ్గం దగ్గర ఎవరుంటారని బయమేసి అన్నా.”

హేమావతి గ్లాసు కింద పెట్టింది. “నువ్వన్నందుకు కాదు నేను మాట్లాడనిది. నువ్వన్నది నిజమే. నా కాళ్ళు ఆడ నిలవవు. అది నీకెట్ల తెలిసిందో అని సిగ్గేసింది.”

“పక్కనే కూర్చుంటాండా గదా, తెలీదా? పో. పొద్దున రైలెక్కి పోయి సాయంత్రానికి రా. మగ్గం యాడికీ పోదు.”

ఇద్దరూ లేచారు. రామక్క బూట్లు చేత్తో పట్టుకుంది. మలుపు తిరగ్గానే గీత దగ్గరి రిబ్బను కనిపించింది. దాని ఒక కొస పట్టుకుని చిన్నస్వామి ఎండలో నిలబడున్నాడు. హేమావతి నోరు తెరిచేలోపే రామక్క చెప్పేసింది.

“మా కోడలు రేపట్నుంచి వస్తాది సారూ.”

మర్నాడు ధర్మవరంలో ఆ ఇంట్లో ఒక్క మగ్గమే ఆడింది. కాసేపటికి రామక్క దాన్నీ ఆపింది. ఖాళీగా ఉన్న పక్క మగ్గం చూసి, వాకిట్లో కాలు చాపుకుని కూర్చున్న కొడుకును పిలిచింది.

“ఏమప్పా, ఈపాటికి పిల్లోళ్ళ చేత పరుగు మొదలుపెట్టించి ఉంటాది గదా?”

రెండు మగ్గాలూ ఆగి ఉండడంతో ఆ మాట వీధి చివరిదాకా వినిపించింది.