ముందు పిలవాల్సింది ఎవరు

సాయంత్రం ఐదులోగా మా తొమ్మిది మంది పేర్లు జిల్లా కేంద్రానికి చేరకపోతే ఈ ఏడు మాకు ప్రవేశ పరీక్ష లేదు. కనుమ దారి మంచుతో మూసుకుపోయింది. కాగితం తీసుకుని వెళ్ళే వీలు లేదు. బడిలోని కంప్యూటరును జిల్లా కంప్యూటరుతో కలపడం ఒక్కటే మార్గం.

కలపాలంటే రెండు వైపులా లింకు స్టేషన్ సిద్ధం చేయాలి. మన పేరు, అవతలివారి చిరునామా, ముందు పిలిచేది ఎవరు, ఇవన్నీ నింపాలి. లెక్కల మాస్టారు, మేం అగాయ్ అని పిలిచే శార్షెన్, పొద్దున పదింటికే నింపారు. ముందు పిలిచేది అన్నచోట ‘అవతలివారు’ అని ఎంచుకున్నారు.

“జిల్లా ఆఫీసులో ఉన్న తిలెక్ నా దగ్గర చదువుకున్నవాడే. వాడే ముందు పలకరించాలి,” అని గొణిగారు.

జాబితా టైపు చేసింది నేను కనుక పక్కనే కూర్చున్నాను. తెర మీద ఒకటే మాట: వేచి ఉంది.

అగాయ్ జిల్లా ఆఫీసుకు ఫోన్ చేశారు.

“తిలెక్, నీ మిషను నిద్రపోతోందా?”

“మేలుకునే ఉంది అగాయ్. మీరే తలుపు తీయట్లేదు.”

“తీసే ఉంచాను. చలికి చస్తున్నాం.”

చిరునామాలో అంకెలన్నీ ముమ్మారు చదువుకున్నారు. తీగ పీకి మళ్ళీ పెట్టారు. కంప్యూటరు ఆపి మళ్ళీ వేశారు. వంట చేసే జూరా అక్క, మా మాటలో జూరా ఎజె, టీ తెచ్చి, “ఆ డబ్బాకీ ఓ గిన్నె పోయనా? పొద్దున్నుంచి నోరు విప్పలేదు,” అంది. ఎవరూ నవ్వలేదు.

మూడింటికి తిలెక్ ఫోనులో విసుక్కున్నాడు. “మిగతా బళ్ళన్నీ వాటంతట అవే పిలిచాయి అగాయ్. మీదొక్కటే మొండికేసింది.”

అప్పుడు నాకు అర్థమైంది. ఆఫీసు పెద్దదని వాళ్ళూ, వయసులో పెద్దని ఈయనా, అవతలివాళ్ళే ముందు పిలవాలని ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. చెప్పాలనుకున్నాను. పెద్దవాళ్ళిద్దరూ ఇంకా మాట్లాడుకుంటున్నారు. అగాయ్ మళ్ళీ తీగ పీకారు.

నాలుగుంపావుకు ఇక ఆగలేక చెప్పేశాను.

అగాయ్ ముఖం ఎర్రబడింది. “అంటే నేను వాడికి ముందు సలాం చెప్పాలా?”

“మీరు వద్దు అగాయ్. ఈ గదిలో చిన్నదాన్ని నేనే కదా. నేను పిలుస్తాను.”

ఆయన లేచి చలికాచుకునే పొయ్యి దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డారు. నేను ‘మనమే’ అని మార్చాను. రెండు క్షణాల్లో కలిసింది. తొమ్మిది పేర్లు అందాయని నాలుగున్నరకు జవాబు వచ్చింది.

“చూశావా, నీ మిషను దారికొచ్చింది,” అని ఫోనులో తిలెక్‌తో అన్నారు అగాయ్. ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగారు.

“నీకెప్పుడు తెలిసింది?”

“మూడింటికి.”

“మరి ఇంతసేపూ నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నావు?”

తిట్టుకుంటూ కోటు వేసుకున్నారు. పెద్దవాళ్ళు మాట్లాడేటప్పుడు మధ్యలో దూరకూడదని రెండో తరగతిలో నన్ను గోడ దగ్గర నిలబెట్టింది ఆయనే. జాబితా మడిచి సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చేశాను.